బాలిగ్ అయితే చాలా? వయసు, వివేకం, యతీము ఆస్తి

గత రమజాన్‌లో ఒక రాత్రి తరావీహ్ ముగిసి జనం వెళ్ళిపోయాక ముగ్గురు మస్జిద్‌లోనే కూర్చుండిపోయారు. ఒకరు నడివయసు వ్యాపారి. ఒకడు మీసం అప్పుడే మొలుస్తున్న కుర్రవాడు. మూడోవారు ఆ మొహల్లా పెద్ద. విషయం చెప్పింది ఆ పెద్దమనిషే. ఊరూ పేర్లూ రాయడం మాకు ఇష్టం లేదు. మద్రసాలో మేము చదివిన పుస్తకాల్లో ఏదైనా మస్అలా చెప్పవలసి వచ్చినప్పుడు మనుషులకు జైద్ అనీ బకర్ అనీ పేర్లు పెడతారు. మేమూ ఆ కుర్రవాణ్ణి జైద్ అనీ, అతని చాచా అయిన ఆ వ్యాపారిని బకర్ అనీ పిలుస్తాము.

జైద్ తండ్రి చనిపోయి ఆరేళ్ళయింది. దాదా, దాదీ అంతకుముందే పోయారు. మిగిలింది అమ్మీ, జైద్, అతని చెల్లెలు. తండ్రి వదిలివెళ్ళింది బజారులో ఒక కిరాణా దుకాణం, ఉంటున్న ఇల్లు, ఊరి బయట రెండెకరాల మెట్ట. దుకాణం అప్పటి నుంచీ బకరే నడుపుతున్నాడు. నెలనెలా వదినగారికి ఇంటిఖర్చు ఇస్తున్నాడు. ఇప్పుడు జైద్‌కు పదహారు నిండాయి. "నాకు నమాజు ఫర్జ్ అయింది, రోజా ఫర్జ్ అయింది. తప్పు చేస్తే పాపం నా ఖాతాలోనే పడుతున్నది. మరి నా ఆస్తి మాత్రం నాకెందుకివ్వరు?" అన్నది అతని ప్రశ్న. "సర్కారు పద్దెనిమిది నిండాలంటున్నది. అప్పటిదాకా అడిగే హక్కు లేదు" అన్నది బకర్ జవాబు. పెద్దమనిషి సందేహం వేరు. "మౌలానా! షరీఅత్ పదిహేనేళ్ళకే మనిషిని పెద్దవాడిగా లెక్కగడుతుంది కదా. మరి ఈ పద్దెనిమిది అనే హద్దు షరీఅత్‌కు విరుద్ధం కాదా?" అని ఆయన అడిగారు.

ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది. అయితే ముగ్గురూ ఒకే పొరపాటు చేశారు. మనిషి ఏదో ఒక వయసులో, ఒకే రోజున, అన్ని విషయాల్లోనూ పెద్దవాడైపోతాడనుకున్నారు. షరీఅత్ అలా చెప్పలేదు. మన దేశ చట్టమూ అలా చెప్పడం లేదు. అందుకే ఈ విషయాన్ని కాస్త వివరంగా పాఠకుల ముందుంచాలనుకున్నాము.

కలం ఎత్తివేయబడిన కాలం

మనిషి కర్మలు రాసే కలం ముగ్గురి విషయంలో ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) బోధించారు. నిద్రపోతున్నవాడు మేల్కొనే వరకు, పిల్లవాడు బాలిగ్ అయ్యే వరకు, మతిలేనివాడికి మతి వచ్చే వరకు. దీన్నిబట్టి నమాజు, రోజా, హజ్ వంటి ఆరాధనలు విధిగా మారేది బులూగ్‌తోనే. అంటే శరీరం పెద్దదయ్యే దశతోనే అని అర్థం. అబ్బాయికి ఇహ్తిలామ్, అమ్మాయికి హైజ్ మొదలైతే వయసు లెక్కపెట్టవలసిన పనే లేదు, ఆ రోజు నుంచే బాధ్యత మొదలవుతుంది. హనఫీ పండితుల లెక్క ప్రకారం అబ్బాయి పన్నెండేళ్ళకు ముందు, అమ్మాయి తొమ్మిదేళ్ళకు ముందు బాలిగ్ కావడం ఉండదు. ఒకమాట ఇక్కడే చెప్పాలి. మీసం, గడ్డం మొలవడం మన మజ్హబ్‌లో బులూగ్‌కు రుజువు కాదు. తల్లిదండ్రులు చాలామంది అద్దంలో మీసం కనబడే దాకా పిల్లవాడి నమాజు సంగతి పట్టించుకోరు. అప్పటికి ఎన్ని నమాజులు ఖజా అయిపోయి ఉంటాయో!

శరీర లక్షణాలేవీ కనబడకపోతే అప్పుడు వయసును చూస్తారు. దీనికి ఆధారం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) తన గురించి తాను చెప్పిన ఉదంతం. ఉహుద్ యుద్ధ సమయంలో ఆయన వయసు పద్నాలుగు. సైన్యంలో చేరతానని వస్తే దైవప్రవక్త (స) అనుమతించలేదు. ఖందక్ నాటికి ఆయనకు పదిహేను నిండాయి, అప్పుడు అనుమతి దొరికింది. హజ్రత్ నాఫె (రహ్మ) ఈ ఉల్లేఖనాన్ని ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ)కు వినిపించినప్పుడు, చిన్నవారికీ పెద్దవారికీ మధ్య హద్దు ఇదేనని ఆయన గ్రహించారు. పదిహేను నిండినవారికి పెద్దల పద్దులో భృతి ఇవ్వమని తన అధికారులకు ఉత్తరాలు రాశారు. పాలనా వ్యవహారంలో ఒక వయసును హద్దుగా నిర్ణయించి తాకీదు పంపడం అన్నది ఇస్లామీయ చరిత్రలో ఇంత పాతది. ఈ సంగతి తరువాత మనకు పనికొస్తుంది.

ఇమాముల మధ్య ఇక్కడ భిన్నాభిప్రాయం ఉంది. ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్, ఇమామ్ షాఫియీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) పదిహేనేళ్ళన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మాత్రం అబ్బాయికి పద్దెనిమిది, అమ్మాయికి పదిహేడు అన్నారు. మాలికీ పండితులలోనూ పద్దెనిమిది అన్న మాట ప్రసిద్ధం. హనఫీలలో ఫత్వా పదిహేను మీదే ఉంది. కాని పద్దెనిమిది అన్న అంకె ఎవరో పరాయి దేశం నుంచి మోసుకొచ్చి మన నెత్తిన పెట్టిందని అనుకునేవారు ఇమామె ఆజమ్ (రహ్మ) మాటను ఒకసారి గుర్తుచేసుకోవాలి.

ఈ పదిహేను చాంద్రమానంలో లెక్క. చాంద్ర సంవత్సరం మన క్యాలెండరు సంవత్సరం కన్నా సుమారు పదకొండు రోజులు తక్కువ. కాబట్టి పదిహేను చాంద్ర సంవత్సరాలంటే మన లెక్కలో పద్నాలుగేళ్ళ ఆరున్నర నెలలు. 2010 జనవరి 1న పుట్టిన బాబుకు 2024 జూలై నెలాఖరుకే పదిహేను నిండిపోయాయి. ఇంకా అయిదు నెలలుందిలే అనుకుని ఊరుకుంటే ఆ అయిదు నెలల నమాజులు ఖజాయే. మన ఇళ్ళలో మరో చిక్కు ఉంది. బడిలో వేసిన పుట్టినతేదీ ఒకటి, అసలు పుట్టిన తేదీ మరొకటి. బడిలో చేర్చడానికి ఒక ఏడు అటో ఇటో జరిపిన తండ్రులు ఎందరో! సర్కారు కాగితాలకు బడి తేదీ చెల్లుతుందేమో గాని అల్లాహ్ దగ్గర అసలు తేదీయే లెక్క. కనుక అమ్మీలు పిల్లల అసలు పుట్టినరోజును, వీలైతే చాంద్రమాన తేదీతో సహా ఒకచోట రాసిపెట్టుకోవడం మంచిది.

బాలిగ్ కాకముందు ఏమీ లేదా?

అలాగని అంతకు ముందు పిల్లవాడికి హక్కులూ లేవు, బాధ్యతలూ లేవు అనుకోకూడదు. ఉసూలె ఫిఖ్హ్‌లో దీన్ని రెండుగా విడదీసి చెబుతారు. ఒకటి హక్కులు, అప్పులు తన పేర పడే అర్హత. రెండోది తానే స్వయంగా ఒప్పందాలు, ఆరాధనలు నెరవేర్చే అర్హత. మొదటిది తల్లి గర్భంలోనే మొదలవుతుంది. తండ్రి చనిపోయేనాటికి కడుపులో ఉన్న బిడ్డకు కూడా, సజీవంగా పుడితే, వారసత్వంలో వాటా ఉంది. మూడేళ్ళ పిల్లవాడు ఆడుకుంటూ పక్కింటివారి కిటికీ అద్దం పగలగొడితే పాపం లేదు గాని, వాడికంటూ సొంత ఆస్తి ఉంటే నష్టపరిహారం అందులోంచి కట్టాల్సిందే.

ఏడేళ్ళు వచ్చేసరికి పిల్లవాడికి మంచిచెడు తేడా కొంత తెలుస్తుంది. నమాజు చెప్పమని ఆదేశించబడిన వయసూ ఇదే. పదేళ్ళకు ఆ విషయంలో గట్టిగా ఉండమనీ, పిల్లల పడకలు వేరు చేయమనీ హదీసులో తాకీదు వచ్చింది. ఈ దశలో పిల్లవాడు చేసే లావాదేవీలను హనఫీ ధర్మవేత్తలు మూడు రకాలుగా చూశారు. కేవలం లాభమే ఉన్నవి, అంటే కానుక పుచ్చుకోవడం లాంటివి, ఎవరి అనుమతీ లేకుండానే చెల్లుతాయి. కేవలం నష్టమే ఉన్నవి, అంటే తన వస్తువును ఇంకొకరికి దానం చేయడం, అప్పు ఇవ్వడం లాంటివి, వలీ సరేనన్నా చెల్లవు. రెండూ కలిసినవి, అంటే అమ్మకం కొనుగోలు లాంటివి, వలీ అనుమతి మీద ఆధారపడి ఉంటాయి.

ఈ రెండో రకాన్ని మన ఇళ్ళలో ఎంత తేలికగా తీసుకుంటామో చూడండి. ఈద్ నాడు నానీ, మామూ పిల్లల కోసమే ఇచ్చిన ఈదీ పిల్లల సొత్తు. దాన్ని తీసుకుని ఇంటికొచ్చిన చుట్టాల పిల్లలకు మన తరఫున పంచేస్తాము. పిల్లవాడు నవ్వుతూ ఇచ్చినా సరే, వాడి ఇవ్వడానికి షరీఅత్‌లో విలువ లేదు. చిన్న పైకమే కావచ్చు. యతీము ఆస్తి దగ్గర జరిగే పెద్ద తప్పు కూడా ఇదే దారిలో నడిచి వస్తుంది.

రెండో షరతు: రుష్ద్

ఇక అసలు విషయానికి వద్దాము. యతీముల ఆస్తి గురించి దివ్య ఖుర్ఆన్ నిసా సూరా 6వ ఆయతులో ఇచ్చిన ఆదేశ సారాంశం ఇది. వారు వివాహ వయసుకు చేరే వరకు వారిని పరీక్షిస్తూ ఉండండి. అప్పుడు వారిలో వివేకం కనబడితే వారి ఆస్తిని వారికి అప్పగించండి. పెద్దవారై అడుగుతారేమోనన్న తొందరలో దాన్ని దుబారాగా తినేయకండి. కలిగినవాడైన సంరక్షకుడు దాని జోలికి పోకూడదు, లేనివాడు న్యాయమైన మేరకు తీసుకోవచ్చు. అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోండి. దానికి ముందరి ఆయతులో, జీవనాధారమైన సంపదను బుద్ధి పరిపక్వం కానివారి చేతిలో పెట్టవద్దనీ, దానిలోంచి వారికి తిండీ బట్టా ఇస్తూ మంచిగా మాట్లాడమనీ ఉంది.

అంటే ఆస్తి చేతికి రావడానికి షరతులు రెండు. బులూగ్ ఒక్కటే చాలదు, దానితోపాటు రుష్ద్ కూడా ఉండాలి. ఆర్థిక వ్యవహారాన్ని పాడుచేయకుండా నడుపుకోగల తెలివే రుష్ద్ అని హనఫీ పండితుల నిర్వచనం. ఇమామ్ షాఫియీ (రహ్మ) ధర్మనిష్ఠ కూడా అందులో భాగమేనన్నారు. జైద్ అడిగిన ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. నమాజు ఫర్జ్ అయింది బులూగ్ వల్ల. ఆస్తి చేతికి రావలసింది రుష్ద్ వల్ల. నమాజులో పొరపాటు జరిగితే తౌబా ఉంది, ఖజా ఉంది. రెండెకరాలు బ్రోకరు చేతిలో పడ్డాక ఖజా ఏముంది?

బాలిగ్ అయ్యాక కూడా వివేకం రాకపోతే? ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) రుష్ద్ కనబడే దాకా, ఎన్నేళ్ళయినా సరే, ఆస్తి ఇవ్వకూడదన్నారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) ఇరవై అయిదేళ్ళ వరకు ఆపి, ఆ తరువాత ఇచ్చివేయమన్నారు. మనిషి స్వేచ్ఛను ఆయన అంత విలువైనదిగా చూశారు. ఇరవై అయిదుకు హనఫీ గ్రంథాల్లో ఒక లెక్క చెబుతారు. పన్నెండేళ్ళకు బాలిగ్ అయి పెళ్ళి చేసుకుంటే, కొడుకూ అలాగే చేస్తే, ఇరవై అయిదేళ్ళకు మనిషి దాదా కూడా కావచ్చునట! దాదా అయ్యే వయసు వచ్చినవాణ్ణి ఇంకా పిల్లవాడని ఎలా ఆపుతారు అని. పాఠం చదివేటప్పుడు ఈ లెక్క దగ్గర మేమంతా నవ్వుకున్నాము. కాని ఉస్తాద్ అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. ఆపడానికి ఒక హద్దు ఉండాలని ఇమామ్‌గారు ఎందుకనుకున్నారో ఆలోచించారా అని. హద్దు లేకపోతే సంరక్షకుడికి యతీములో వివేకం ఎప్పటికీ కనబడదు.

పద్దెనిమిది షరీఅత్‌కు విరుద్ధమా?

మన దేశంలో 1875 నాటి మెజారిటీ చట్టం పద్దెనిమిదేళ్ళను హద్దుగా పెట్టింది. కోర్టు సంరక్షకుణ్ణి నియమించిన సందర్భంలో అది ఇరవై ఒకటిగా ఉండేది, 1999లో దాన్ని కూడా పద్దెనిమిదికి తెచ్చారు. ఈ చట్టం మొదట్లోనే ఒక మినహాయింపు ఉంది. వివాహం, మహర్, విడాకులు, దత్తత విషయాల్లోనూ, ఎవరి మతాచారాల విషయంలోనూ తాను జోక్యం చేసుకోనని అది చెప్పుకుంది. అంటే జైద్ నమాజు, రోజా, జకాత్ ఎప్పుడు మొదలవుతాయో ఈ చట్టం మాట్లాడడం లేదు. అది మాట్లాడేది అతని సంతకం గురించి. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటి నుంచీ చెల్లదని 1903లో మోహరీ బీబీ కేసులో ప్రివీ కౌన్సిల్ తేల్చింది. మైనరుకు కానుక ఇస్తే మాత్రం చెల్లుతుంది. మన ధర్మవేత్తలు చెప్పిన మొదటి రకం, రెండో రకం ఇక్కడా గుర్తుకొస్తాయి.

మా అభిప్రాయం ఇది. ఆస్తి విషయంలో పద్దెనిమిది షరీఅత్‌కు విరుద్ధం కాదు. వివేకం వచ్చిందో లేదో ఇంటింటికీ వెళ్ళి పరీక్షించడం ప్రభుత్వానికి సాధ్యం కాదు, అందుకని ఒక వయసును గుర్తుగా పెట్టుకుంటుంది. ముస్లిం ప్రభుత్వాలు కూడా ఇలాగే చేశాయి. ఉస్మానీ ఖిలాఫత్ 1917 నాటి కుటుంబ చట్టంలో వివాహ అర్హతకు అబ్బాయికి పద్దెనిమిది, అమ్మాయికి పదిహేడు అని పెట్టింది. ఇమామె ఆజమ్ (రహ్మ) చెప్పిన అంకెలే అవి. ఈజిప్టు 1948 నాటి పౌర చట్టంలో ఆర్థిక వ్యవహారాలకు ఇరవై ఒక్కటి అని రాసుకుంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్ 1875 చట్టాన్నే తమ చట్టంగా ఉంచుకున్నాయి.

ఇతర విషయాల్లో చట్టం ఒక్కో పనికి ఒక్కో వయసు పెట్టింది. ఓటు హక్కు 61వ రాజ్యాంగ సవరణతో 1989లో ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగింది. అదే మనిషి పంచాయతీకి పోటీ చేయాలంటే ఇరవై ఒకటి, శాసనసభకో లోక్‌సభకో అయితే ఇరవై అయిదు, రాజ్యసభకు ముప్పై, రాష్ట్రపతి పదవికి ముప్పై అయిదు నిండాలి. ఇక నేరం విషయానికొస్తే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఏడేళ్ళలోపు పిల్లల పనిని నేరంగా చూడదు. ఏడు నుంచి పన్నెండు మధ్య తెలివి వచ్చిందా లేదా అని చూస్తుంది. 1860 నాటి పాత శిక్షాస్మృతిలోనూ ఇదే ఉండేది. ఏడు అన్న అంకె మన పాఠకులకు కొత్తది కాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం పదహారు నుంచి పద్దెనిమిది మధ్యవారు అతి ఘోరమైన నేరం చేస్తే, వారి మానసిక స్థితిని పరిశీలించి పెద్దవారిగా విచారించే అవకాశం కూడా ఉంది.

బైక్ సంగతి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే జైద్ మస్జిద్‌కు వచ్చిందే బైక్ మీద. అది బకర్ పేర ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రులను లేదా సంరక్షకుణ్ణి, బండి యజమానిని దోషులుగా భావిస్తారు. మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ కుర్రవాడికి ఇరవై అయిదేళ్ళ వరకు లైసెన్సు రాదు. "ఆస్తి ఇవ్వడానికి పద్దెనిమిది గుర్తొచ్చింది, తాళంచెవి ఇచ్చేటప్పుడు గుర్తురాలేదా?" అని మేము బకర్‌ను అడిగాము. ఆయన తల దించుకున్నాడు.

నికాహ్ విషయంలో కొందరు పదిహేను అంకెను పట్టుకుని తొందరపడతారు. బాలిగ్ అయినవారి నికాహ్ ఫిఖ్హ్ ప్రకారం చెల్లుతుందన్న మాట నిజమే. కాని అనుమతి వేరు, ఆదేశం వేరు. పదహారేళ్ళ పిల్లకు పెళ్ళి చేయమని షరీఅత్ ఎవరినీ నిర్బంధించలేదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టంలో అమ్మాయికి పద్దెనిమిది, అబ్బాయికి ఇరవై ఒకటి. పద్దెనిమిది నిండని భార్యతో సంసారం అత్యాచారం కిందికే వస్తుందని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ సంగతి తెలిసీ అల్లుణ్ణి జైలు గుమ్మం దాకా నడిపించడం ఏ వలీకి తగిన పని? చదువు ఆగిపోయి, ఒళ్ళు గట్టిపడకముందే కాన్పు వచ్చి ఇబ్బందిపడిన ఆడపిల్లలు మన మొహల్లాల్లో లేరా? మా దగ్గరికి ఇలాంటి నికాహ్ చదివించమని వచ్చినవారిని మేము తిప్పి పంపుతూనే ఉన్నాము.

చాచా వలీ ఎలా అయ్యాడు?

జైద్ విషయంలో అందరూ వయసు గురించే వాదించారు గాని, అసలు అడగవలసిన ప్రశ్న ఎవరూ అడగలేదు. జైద్ ఆస్తికి బకర్ సంరక్షకుడు ఎలా అయ్యాడు?

హనఫీ ఫిఖ్హ్‌లో మైనరు ఆస్తికి వలీ మొదట తండ్రి, తరువాత తండ్రి వసీయ్యత్ చేసి నియమించిన వ్యక్తి, ఆ తరువాత దాదా, దాదా నియమించిన వ్యక్తి. వీరెవరూ లేకపోతే ఖాజీ. నికాహ్‌లో చాచాకు వలీ హోదా రావచ్చు, ఆస్తిలో రాదు. అన్నకూ రాదు. తల్లికి బిడ్డను పెంచే హక్కు ఉంది గాని ఆస్తి అమ్మే అధికారం, తండ్రి అప్పగిస్తే తప్ప, లేదు. మన దేశంలో కోర్టులు కూడా ఇదే సూత్రాన్ని అనుసరిస్తాయి. ఇలా ఎవరూ నియమించకుండా పిల్లల బాధ్యత చూస్తున్న మనిషి వారి స్థిరాస్తిని అమ్మితే ఆ అమ్మకం చెల్లదని 1918లో ఇమామ్‌బందీ కేసులో ప్రివీ కౌన్సిల్ స్పష్టం చేసింది. అధికారం కావాలంటే 1890 నాటి సంరక్షకుల చట్టం కింద జిల్లా కోర్టు నుంచి నియామకం తెచ్చుకోవాలి. అసలైన వలీ కూడా యతీము స్థిరాస్తిని ఇష్టం వచ్చినట్టు అమ్మలేడు. రెట్టింపు ధర వస్తున్నదనో, పిల్లల తిండికి వేరే దారి లేదనో, చనిపోయినవాడి అప్పు తీర్చాలనో, అలాంటి కారణం ఉండాలి.

ఈ మాట చెప్పేసరికి బకర్ ముఖం మారింది. రెండేళ్ళ కిందట ఆ మెట్టలో అరెకరం అమ్మాడట. పత్రం మీద పిల్లల తరఫున తాను సంతకం పెట్టాడు, వదినగారి చేతా పెట్టించాడు. ఎందుకు అమ్మావంటే, దుకాణంలోకి సరుకు కోసం అన్నాడు. కాసేపు ఆగి, "అది వేరే సంగతి" అన్నాడు. అది వేరే సంగతి కాదు. వారసత్వం లెక్క చూస్తే మొత్తం ఆస్తిలో ఇరవై నాలుగు పాళ్ళకు అమ్మీకి మూడు, జైద్‌కు పద్నాలుగు, చెల్లెలికి ఏడు. ఆ అరెకరంలో అమ్మీ సంతకం చెల్లేది ఆమె ఎనిమిదో వంతు వరకే. మిగిలిన ఇరవై ఒక్క పాళ్ళు ఇద్దరు యతీములవి. యతీముల సొమ్మును అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో అగ్నినే నింపుకుంటున్నారని నిసా సూరా 10వ ఆయతులో వచ్చిన హెచ్చరికను మేము అతనికి చదివి వినిపించాము. బకర్ చెడ్డవాడు కాడు. ఆరేళ్ళు ఇంటిఖర్చు ఆపలేదు, పిల్లల ఫీజు ఆపలేదు. తన సొమ్మూ వారి సొమ్మూ ఒకే గల్లాపెట్టెలో వేసి, ఏది ఎవరిదో మరిచిపోయాడు, అంతే. యతీముల గురించిన హెచ్చరికలు అవతరించినప్పుడు సహాబీలు (రజి) భయపడి వారి వంట కూడా వేరు చేసేశారు. బఖరా సూరా 220వ ఆయతు వచ్చి, మేలు ఉద్దేశంతో కలిపి ఉంచుకోవచ్చని చెప్పాకే తేలికపడ్డారు. కలపడానికి అనుమతి ఉంది, లెక్క మరిచిపోవడానికి లేదు.

ఇక్కడ తండ్రులకు ఒక మాట. బతికి ఉండగానే, ఇద్దరు సాక్షుల ముందు, నా తరువాత నా పిల్లల ఆస్తికి వసీ ఫలానా అని రాసిపెట్టండి. పిల్లల తల్లి సమర్థురాలైతే ఆమె పేరే రాయండి. స్త్రీ వసీ కావచ్చు. హజ్రత్ ఉమర్ (రజి) తన వక్ఫ్ ఆస్తి నిర్వహణను తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి)కు అప్పగించి వెళ్ళారు. జైద్ తండ్రి ఒక కాగితం రాసి ఉంటే ఆ అరెకరం దక్కేది.

మేము చెప్పిన తీర్పు

తీర్పు అనడం పెద్ద మాటేమో, మేము ఖాజీలం కాము. షరీఅత్ మాట ఇది అని ముగ్గురికీ చెప్పాము.

జైద్‌కు చెప్పింది: నువ్వు బాలిగ్‌వి, సందేహం లేదు. ఆ విషయంలో నీ మాటే చెల్లుతుంది. కాబట్టి దుకాణం సరుకులో నీ వాటా నిసాబ్‌కు చేరితే, బాలిగ్ అయిన రోజు నుంచి ఏడాది తిరిగేసరికి జకాత్ నీ మీద ఫర్జ్. ఆస్తి ఇంకా చాచా చేతిలో ఉన్నా ఫర్జే. దుకాణం మీద హక్కు అడిగినవాడివి జకాత్ లెక్క కూడా అడిగి ఉంటే నీ రుష్ద్ మాకు మరికొంత కనబడేది. అతను సిగ్గుపడ్డాడు. ఖుర్ఆన్ చెప్పిన పరీక్ష బాలిగ్ కావడానికి ముందే మొదలు కావలసింది, ఆలస్యమైంది. కనుక షవ్వాల్ నుంచి రోజూ అస్ర్ తరువాత దుకాణంలో కూర్చోవాలి. పది వేల రూపాయల సరుకు వేరుగా అతని చేతికిస్తారు. కొనేదీ అమ్మేదీ అతనే, లెక్క రాసేదీ అతనే. పద్దెనిమిది నిండేసరికి సంతకానికి చట్టం అడ్డు పోతుంది. అప్పటికి ఈ లెక్కపుస్తకమే అతని రుష్ద్‌కు సాక్ష్యం. బైక్ అప్పటిదాకా చాచా ఇంట్లో ఉంటుంది.

బకర్‌కు చెప్పింది: ఆరేళ్ళ ఆదాయం, ఖర్చు రాసి తేవాలి. అతను పెద్ద ఆస్తిపరుడు కాదు, ఆరేళ్ళు దుకాణంలో నిలబడి పనిచేశాడు. కాబట్టి ఆ బజారులో గుమాస్తాకు ఇచ్చే జీతం మేరకు తీసుకునే హక్కు ఉందని ఆయతు వెలుగులో చెప్పాము. బైతుల్‌మాల్ విషయంలో తన స్థానం యతీము వలీ లాంటిదేనని హజ్రత్ ఉమర్ (రజి) చెప్పుకునేవారు, అవసరానికి మించి ముట్టేవారు కారు. అరెకరం విషయంలో, కొన్నవారికి పైకం తిరిగిచ్చి భూమి విడిపించే బాధ్యత బకర్‌దే. పత్రం రద్దు సంగతి వకీలు దగ్గరికి వెళ్ళి తేల్చుకోవాలి. ఇకపై ఏదైనా అమ్మవలసి వస్తే ముందు జిల్లా కోర్టుకు వెళ్ళాలి.

పెద్దమనిషి ఇద్దరు సాక్షుల్లో ఒకరుగా ఉంటానని ఒప్పుకున్నారు. వెళ్ళబోతూ ఆయనే అడిగారు, "మరి ఆ చెల్లెలి ఏడు పాళ్ళు?" అని. ఆ పిల్లకు పదమూడేళ్ళు. ఆ గదిలో అప్పటిదాకా ఆమె పేరు ఎవరి నోటా రాలేదు. లెక్కపుస్తకంలో ఆమెకు వేరే పేజీ తెరవమనీ, జైద్ తన వాటా తీసుకున్న రోజున ఆమె వాటా అన్న చేతికి పోకుండా, కోర్టు ద్వారా అమ్మీని సంరక్షకురాలిగా నియమింపజేయమనీ చెప్పాము. జైద్‌కు ఇది నచ్చినట్టు లేదు. తన చెల్లెలి ఆస్తి తాను చూసుకోలేనా అన్నాడు. నీ ఆస్తిని చాచా కూడా అలాగే చూసుకున్నాడు కదా అన్నాము.

ఈదుల్ ఫిత్ర్ తరువాత బకర్ ఒక పాత నోటుపుస్తకం పట్టుకుని వచ్చాడు. నాలుగేళ్ళ లెక్క పూర్తయింది. రెండేళ్ళది మిగిలి ఉంది, అరెకరం అమ్మిన ఏడు అందులోనే ఉంది.

వల్లాహు అఅలమ్.